ఫోన్ ఎత్తాలంటేనే టెన్షన్: సేల్స్‌లో ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ప్రశ్న అడిగింది: కొత్తబాట

నిన్నమొన్నటి దాకా సపోర్ట్ టీమ్‌లో ఉండేవాణ్ణి. ఈమధ్యే సేల్స్‌కి మారాను. మేం అమ్మేది కంపెనీలకు జీతాల లెక్కలు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్. ప్రాడక్ట్ విషయంలో నాకు భయం లేదు. ఓవర్‌టైమ్ తప్పు పడితే ఏ సెట్టింగ్ చూడాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ అప్పుడు సాయం కావాలని కస్టమర్ నాకు ఫోన్ చేసేవాడు. ఇప్పుడు ఆయన అడక్కుండానే నేను చేస్తున్నాను. అక్కడే నా గొంతు మారిపోతోంది.

పొద్దున రెండు మూడు కాల్స్ "అవసరం లేదండి" అని కట్ అయితే ఇక ఆ రోజు అయిపోయినట్టే. ఫోన్ పక్కన పెట్టి లిస్టు సర్దుకుంటాను, పాత మెయిల్స్ చూస్తాను, ఇంకో కంపెనీ వెబ్‌సైట్ చదువుతాను. పని చేస్తున్నట్టే ఉంటుంది గానీ కాల్ మాత్రం వెళ్లదు. డెమో దాకా వచ్చినవాళ్ల దగ్గర ఇంకో ఇబ్బంది. రేటు చెప్పే చోట గొంతు చిన్నదైపోతుంది. వాళ్లు అడక్కముందే "డిస్కౌంట్ చూద్దాం సార్" అనేస్తున్నాను.

మా మేనేజర్ మంచివారే. "పాజిటివ్‌గా ఉండు, నువ్వు చేయగలవు" అంటారు. ఆ మాట ఆ పూటకు బాగుంటుంది, తర్వాతి కాల్ దాకా నిలవదు. ఈ ధైర్యం పుట్టుకతో రావాల్సిందేనా, లేక పనిలో పడ్డాక కూడా వస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. నాకు ఈ ఉద్యోగంలో నిలబడాలని ఉంది.

—

హెడ్‌సెట్

బ్రదర్, నేను కూడా ఫోన్ మీదే అమ్ముతాను. నాకు పనికొచ్చింది ఒక్కటే చెప్తాను. పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే మెయిల్ తెరవకండి. ముందు కాల్ చేయండి. ఎవరికి చేయాలో ముందు రోజు సాయంత్రమే రాసిపెట్టుకోండి: పేరు, నంబర్, చెప్పబోయే మొదటి వాక్యం. పొద్దున కూర్చుని "ఎవరికి చేద్దాం" అని ఆలోచించడం మొదలైతే భయానికి చోటు దొరుకుతుంది. ఇంకోటి, లేచి నిలబడి మాట్లాడండి. గొంతులో తేడా మీకే వినిపిస్తుంది.

—

పంపులు_వాల్వులు

తమ్ముడూ, నేను ఫ్యాక్టరీలకు పంపులు, వాల్వులు అమ్ముతాను. చాలా ఏళ్లుగా ఇదే పని. ఇప్పుడు చిన్న టీమ్‌ను కూడా చూసుకుంటున్నాను. నీ ప్రశ్న చదవగానే మా దగ్గర చేరిన కొత్తవాళ్లంతా కళ్ల ముందుకొచ్చారు. కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

పుట్టుకతో రావాలా అని అడిగావు. అక్కర్లేదు. బాగా మాట్లాడేవాళ్లు సేల్స్‌లో ఇట్టే పైకొస్తారని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో మాటకారితనం మొదటి కొన్ని నెలలకే పనికొస్తుంది. తర్వాత నిలబడేది, వద్దని చెప్పించుకున్నాక కూడా ఇంకో నంబర్ నొక్కగలిగినవాళ్లు.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఈ విషయం మీద ఒక సిద్ధాంతం రాశారు. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఆయన ప్రశ్న. నాలుగు దారులు చెప్పారు. స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, ఎవరైనా ధైర్యం చెప్పడం, గుండెదడ లాంటివి మనకెలా అనిపిస్తున్నాయన్నది. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే అన్నారు. మీ మేనేజర్ ఇస్తున్నది మూడోది. అందుకే అది తర్వాతి కాల్ దాకా నిలవడం లేదు. తప్పు ఆయనదీ కాదు, నీదీ కాదు. అందులో ఉన్న బలమే అంత. ధైర్యం వచ్చాక ఫోన్ చేద్దామని కూర్చుంటే అది రాదు. చేసిన కాల్స్‌లోంచే వస్తుంది.

మరి చేసిన కాల్స్ అన్నీ వద్దు అనే వస్తుంటే ధైర్యం ఎలా వస్తుందంటావు. లెక్క చూద్దాం. నీ ఫోన్ కాల్స్ పదింటిలో ఒకటి డెమోకి దారి తీస్తుందనుకో. ఒక కాల్‌కూ ఇంకో కాల్‌కూ సంబంధం లేదనుకో. అప్పుడు వరసగా పది కాల్స్ వృథా పోయే అవకాశం దాదాపు 35 శాతం. వరసగా ఇరవై వృథా పోయే అవకాశం 12 శాతం. అంటే రోజుకు ఇరవై కాల్స్, నెలకు 25 పనిరోజులు చొప్పున చేసే మనిషికి, ఏ లోపమూ లేకుండానే, నెలలో ఓ మూడు రోజులు పూర్తిగా సున్నా పడతాయి. కనీసం ఒక్క డెమో దొరికే అవకాశం 95 శాతం దాటాలంటే 29 కాల్స్ చేయాలి. నువ్వు మూడో కాల్ దగ్గరే ఫోన్ పక్కన పెట్టేస్తున్నావు. మూడు కాల్స్ చూసుకుని నీ గురించి నువ్వు తీర్పు చెప్పుకుంటున్నావు. ఆ మూడింటికి అంత విలువ లేదు.

మా టీమ్‌లో కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ లెక్కే. నీ అసలు సగటు ఎంతో నీకు తెలియాలి. పదింటికి ఒకటా, ఇరవైకి ఒకటా? ఓ నెల రాసుకో. ఇరవైకి ఒకటే అయితే ఇరవై కాల్స్ ఖాళీగా పోవడం మూడు సార్లలో ఒకసారి జరిగే మామూలు సంగతి. ఆ సంగతి తెలిసిన మనిషి సున్నా రోజున ఇంటికి వెళ్లే తీరు వేరుగా ఉంటుంది.

ఇక "అవసరం లేదండి" విన్నాక మనసులో ఏం అనుకుంటావో చూడు. మార్టిన్ సెలిగ్మన్, పీటర్ షుల్మన్ జీవిత బీమా ఏజెంట్ల మీద చేసిన పరిశోధన 1986లో వచ్చింది. చెడు జరిగినప్పుడు దానికి కారణం తమకు తాము ఎలా చెప్పుకుంటారో చూసి ఏజెంట్లను రెండు సగాలు చేశారు. "నావల్లే, ఎప్పుడూ ఇంతే, నాకేదీ చేతకాదు" అనే ధోరణి ఒక వైపు. "ఈసారికి ఇలా అయింది, దీనికి ఈ కారణం" అనే ధోరణి ఇంకో వైపు. రెండో సగంవాళ్లు మొదటి రెండేళ్లలో 37 శాతం ఎక్కువ బీమా అమ్మారు. కొత్తగా చేరినవాళ్లలో అయితే, ఈ సగంవాళ్లు ఉద్యోగంలో నిలబడడం అవతలివాళ్లకు రెట్టింపు. మాట్లాడే ధోరణి మార్చుకోవచ్చు, అలవాటు చేసుకోవచ్చు. అందుకే నాకు ఈ పరిశోధన ఇష్టం.

ఎలా మార్చుకోవాలంటే, ఒక నోట్‌బుక్ పెట్టుకో. వద్దన్న ప్రతి కాల్ తర్వాత అవతలి మనిషి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయి. నీ అభిప్రాయం రాయకు. "ఇంట్రెస్ట్ లేదు" అని రాస్తే అది నీ అభిప్రాయం. "మొన్ననే వేరే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం" అన్నది ఆయన మాట. పక్కపక్కన చదివితే తేడా తెలుస్తుంది. రెండో దానిలో నీ గొంతుకూ నీ తెలివికీ సంబంధమే లేదు. పైగా ఒక పని ఉంది: వాళ్ల రెన్యువల్ ఎప్పుడో అడిగి, దానికి రెండు నెలల ముందు ఫోన్ చేయాలని రాసుకోవాలి. "ఇప్పుడు బిజీ, తర్వాత చేయండి" అన్నవాళ్ల పేరు వేరే పేజీలో ఉండాలి. వాళ్లు వద్దనలేదు. నీ మనసు మాత్రం వాళ్లను కూడా వద్దన్నవాళ్ల లెక్కలో కలిపేస్తుంది.

రేటు సంగతి. ఇది నాకు చాలా దగ్గరి విషయం, ఎందుకంటే మా లైన్‌లో ఒక పంపు రేటు చెప్తే ఎదుటి మనిషి మొహం కచ్చితంగా మారుతుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి టెక్నికల్‌గా చాలా గట్టిది. పర్చేజ్ మేనేజర్ ముందు కూర్చుంటే మాత్రం "సార్, రేటు కొంచెం ఎక్కువ అనిపించొచ్చు గానీ..." అని మొదలుపెట్టేది. అంకె ఇంకా బయటికి రానేలేదు, ఎక్కువ అని తనే చెప్పేసింది. నేను పక్కన కూర్చుని చూశాను. ఆయన కొటేషన్ కాగితం అటు తిప్పి, ఇటు తిప్పి, క్యాలిక్యులేటర్ దగ్గరకు లాక్కుని ఏదో కొడుతున్నాడు. ఓ పది సెకన్లు ఉంటుందేమో. ఆ పది సెకన్లు తను భరించలేకపోయింది. "ఫైవ్ పర్సెంట్ తగ్గించగలం సార్" అంది. ఆయన తలెత్తి చూశాడు. అప్పటిదాకా ఆయన చూసుకుంటున్నది సంవత్సరానికి కరెంటు ఎంత మిగులుతుందని. బేరం ఆయన మనసులోకి అప్పుడే వచ్చింది.

తర్వాత ఆఫీసులో ఇద్దరం కూర్చుని ప్రాక్టీస్ చేశాం. తను రేటు చెప్పాలి, ఆగిపోవాలి. నేను పర్చేజ్ మేనేజర్‌ని. కాగితం చూస్తాను, కిటికీలోంచి చూస్తాను, ఏమీ మాట్లాడను. తను కూడా మాట్లాడకూడదు. మొదట్లో నవ్వొచ్చేసేది, తర్వాత చేతులు నలిపేసుకునేది. చేయగా చేయగా ఆ నిశ్శబ్దం తనకు అలవాటైంది. నేను "రేటు ఎక్కువ" అంటే "దేనితో పోల్చి చూస్తున్నారు సార్?" అని మామూలు గొంతుతో అడగడం నేర్చుకుంది. ఆ ఒక్క ప్రశ్నతో చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. పోటీ కంపెనీ కొటేషన్‌లో ఇన్‌స్టలేషన్ కలిపి ఉండదు, మనదాంట్లో ఉంటుంది. డిస్కౌంట్ ఇచ్చేసి ఉంటే ఆ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు.

నువ్వు కూడా టీమ్‌లో ఒకరిని కూర్చోబెట్టుకుని ఇది చెయ్యి. అద్దం ముందు కాదు, మనిషి ముందు. నోటికి ఆ అంకె అలవాటు కావాలి.

—

కొత్తబాట

అక్కా, చదువుతుంటే నన్ను పక్కన కూర్చుని చూసి రాసినట్టుంది. డిస్కౌంట్ విషయం అచ్చం అదే. ఈ సాయంత్రమే ఒక ఫ్రెండ్‌తో ప్రాక్టీస్ చేస్తాను.

ఒక సందేహం. మొన్న ఒకాయన ఫోన్ ఎత్తగానే "మీకు వేరే పని లేదా" అని గట్టిగా అరిచి పెట్టేశారు. లెక్క ప్రకారం ఇలాంటివి వస్తాయని ఇప్పుడు అర్థమైంది. కానీ ఆ పూట చేతులు వణికాయి. అలాంటప్పుడు వెంటనే ఏం చేయాలి?

—

లిస్టు_చూసేవాడు

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. పైన చెప్పినవన్నీ మంచివే. కానీ అంతా మనసు మీదే పెట్టేస్తే ఈ అబ్బాయికి అన్యాయం జరుగుతుందని నా భయం. నేను సేల్స్ టీమ్‌లకు లిస్టులు, రిపోర్టులు చూసే పనిలో ఉంటాను. ధైర్యం లేదనుకున్న చాలామందిలో అసలు లోపం వాళ్లకిచ్చిన లిస్టులో ఉంటుంది. తప్పు మనిషికి, తప్పు రోజున ఫోన్ చేస్తుంటే ఎంతటి గుండె ధైర్యమున్నా అరుపులే వస్తాయి.

మీరు ఫోన్ చేసేది జీతాలు వేసేవాళ్లకు కదా. ఏ తేదీల్లో చేస్తున్నారు? నెలాఖరున వాళ్లు హాజరు పట్టీలు, సెలవులు, అడ్వాన్సులు సరిచూసుకుంటూ తల మునకలై ఉంటారు. అప్పుడు ఎవరు ఫోన్ చేసినా విసుక్కుంటారు. సపోర్ట్‌లో పనిచేశారు కాబట్టి ఆ రోజుల్లో టికెట్లు, అంటే కస్టమర్ల ఫిర్యాదులు, ఎలా వచ్చిపడతాయో మాకంటే మీకే తెలియాలి. మీ మీద అరిచిన కాల్ ఏ తేదీదో ఒకసారి చూసుకోండి.

ఇంకో పరీక్ష. అదే లిస్టు మీద మీ పక్క సీటువాళ్లకు ఎన్ని డెమోలు వస్తున్నాయి? వాళ్లకూ రాకపోతే అది మీ సమస్య కాదు. ఆ అంకెలు పట్టుకుని మేనేజర్ దగ్గర కూర్చోండి. వాళ్లకు వచ్చి మీకు రాకపోతే అప్పుడు మీ కాల్ గురించి ఆలోచించొచ్చు.

—

పంపులు_వాల్వులు

లిస్టు గురించి మీరు అన్నది నిజం. నేను రాయకుండా వదిలేసిన ముఖ్యమైన సంగతి అది. మా దగ్గర కూడా ఏటా మెషీన్లు ఆపి రిపేర్లు చేసే రోజుల్లో మెయింటెనెన్స్ హెడ్‌కి ఫోన్ చేయొద్దని అందరికీ చెప్తాం.

అయితే ఒక్క చోట మీతో పూర్తిగా ఏకీభవించను. లిస్టు ఎంత బాగున్నా పదిమందిలో ఎక్కువమంది వద్దనే అంటారు. మంచి లిస్టు సగటును మారుస్తుంది, వద్దు అనే మాటను తీసేయదు. కాబట్టి రెండూ చేసుకోవాల్సిందే. తమ్ముడూ, లిస్టును నిందించడం సులువని అటే ఉండిపోకు.

అరిచినాయన సంగతి. చేతులు వణకడం భయపడాల్సిన విషయం కాదు, ఎవరికైనా వణుకుతాయి. వణుకుతున్నప్పుడు కొత్త నంబర్‌కి మాత్రం చేయకు. లేచి నాలుగడుగులు వెయ్యి, మంచినీళ్లు తాగు. తర్వాత మీ సాఫ్ట్‌వేర్ వాడుతూ సంతోషంగా ఉన్న పాత కస్టమర్ ఒకరికి ఫోన్ చెయ్యి. అమ్మడానికి కాదు, "ఈ నెల జీతాలు సాఫీగా వెళ్లాయా అండి" అని అడగడానికి. సపోర్ట్ రోజుల నుంచి నిన్ను గుర్తుపట్టేవాళ్లు ఉంటారు కదా. ఆ కాల్‌లో నీ పాత గొంతు నీకే తిరిగి వినిపిస్తుంది. ఆ గొంతుతో తర్వాతి కొత్త నంబర్ నొక్కు. మా వాళ్లందరి చేతా ఇదే చేయిస్తాను, బాగా పనిచేస్తుంది.

కాల్‌కి ముందు గుండె దడదడలాడితే దాన్ని అణచాలని చూడకు. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో దీని మీద పరిశోధన చేశారు. పరాయివాళ్ల ముందు పాట పాడడం, ప్రసంగం, లెక్కల పరీక్ష లాంటి టెన్షన్ పెట్టే పనులిచ్చి, కొందరిని "నాకు ఉత్సాహంగా ఉంది" అని, కొందరిని "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని అనుకోమన్నారు. ఉత్సాహం అనుకున్నవాళ్లే బాగా చేశారు. టెన్షన్‌లోనూ ఉత్సాహంలోనూ దడ ఒకటే కదా, దాన్ని ప్రశాంతతగా మార్చుకోవడం కష్టం, ఉత్సాహంగా మార్చుకోవడం తేలిక.

—

హెడ్‌సెట్

నాదొక ప్రశ్న. కొత్తబాట గారూ, మీరు ఫోన్ ఎత్తగానే చెప్పే మొదటి వాక్యం ఏంటి? చాలాసార్లు తంటా అక్కడే ఉంటుంది.

—

కొత్తబాట

"నమస్తే సార్, ఫలానా కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను, మా జీతాల సాఫ్ట్‌వేర్ గురించి రెండు నిమిషాలు చెప్పొచ్చా?" కంపెనీ ఇచ్చిన స్క్రిప్ట్ ఇదే.

తేదీలు చూశాను. అరిచిన కాల్ 30వ తారీఖుది. పోయిన నెల నేను చేసిన కాల్స్‌లో ఎక్కువ భాగం చివరి వారంలోనే ఉన్నాయి, టార్గెట్ అందుకోవాలని. సపోర్ట్‌లో ఉన్నప్పుడు ఆ వారం మాకు టీ తాగే తీరిక కూడా ఉండేది కాదు.

—

హెడ్‌సెట్

ఆ వాక్యంలో మీ కంపెనీ ఉంది, మీ సాఫ్ట్‌వేర్ ఉంది, అవతలి మనిషి లేడు. పైగా "రెండు నిమిషాలు చెప్పొచ్చా" అంటే వద్దు అనడానికి దారి మీరే చూపించినట్టు.

మీకున్న బలం మాకెవరికీ లేదు. సపోర్ట్‌లో ఎన్ని వందల టికెట్లు చూసి ఉంటారు! అక్కడ ఎక్కువగా వచ్చిన తలనొప్పి ఏదో దానితో మొదలుపెట్టండి. "షిఫ్టులు మారినప్పుడు ఓవర్‌టైమ్ లెక్క తేడా వస్తోందని మీ సైజు కంపెనీలు మాకు చాలాసార్లు చెప్పాయి. మీ దగ్గర దాన్ని ఎలా చూసుకుంటున్నారు?" ఇలా అడిగితే మీరు సపోర్ట్‌లో మాట్లాడినట్టే మాట్లాడతారు. అవతలివాళ్ల దగ్గర ఆ సమస్య లేకపోతే "మాకు లేదండి" అంటారు. అది మీకు దెబ్బలా తగలదు. ఒక సమాచారం, అంతే.

—

పంపులు_వాల్వులు

ఇది నేను రాసినదానికంటే మంచి సలహా. తమ్ముడూ, ముందు ఇది చెయ్యి.

ఒకటి మాత్రం కలుపుతాను. మీ మేనేజర్‌ని "ధైర్యం చెప్పండి" అని కాకుండా, "నా కాల్ రికార్డింగ్స్ రెండు నాతో కూర్చుని వినండి సార్" అని అడుగు. అలాగే మీ టీమ్‌లో నీలాగే మెల్లగా మాట్లాడే మనిషి, అయినా బాగా అమ్మే మనిషి ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన ఒక పూట కూర్చోనివ్వమను. గలగలా మాట్లాడేవాళ్ల పక్కన కూర్చుంటే "నాకిది రాదు" అనిపిస్తుంది. నీలాంటి మనిషి చేస్తుంటే చూడు.

—

కొత్తబాట

అలాంటివారు ఒకరున్నారు మా దగ్గర. చాలా నెమ్మదిగా మాట్లాడతారు, ఎక్కువగా వింటారు. రేపే అడుగుతాను.

కాల్స్ ప్లాన్ కూడా మార్చేశాను. నెల మొదటి మూడు వారాల్లోనే కొత్త నంబర్లు, చివరి వారంలో పాత కస్టమర్లు, ప్రాక్టీస్, రెన్యువల్ తేదీల లిస్టు. మేనేజర్‌కి టికెట్ల తేదీలు చూపించి చెప్తే "ఇది మొత్తం టీమ్‌కి పెడదామా" అన్నారు. నోట్‌బుక్ తెచ్చుకున్నాను. ఒక ప్రశ్న మిగిలింది: "మెయిల్ పెట్టండి చూస్తాం" అన్నవాళ్లను ఏ పేజీలో రాయాలి అక్కా?

—

పంపులు_వాల్వులు

మెయిల్‌లో ఏం చూడాలనుకుంటున్నారో అప్పుడే అడుగు. "రేటా అండి, లేక ఓవర్‌టైమ్ భాగం ఎలా పనిచేస్తుందా?" అని. సూటిగా చెప్తే బిజీ పేజీలో రాసి, ఎప్పుడు మాట్లాడాలో తేదీ అడిగి వెయ్యి. "ఏదో ఒకటి పెట్టండి" అంటే మర్యాదకు వద్దన్నట్టే. మెయిల్ పెట్టు, వద్దన్న పేజీలో రాయి, తర్వాతి నంబర్‌కి వెళ్లు.